మన చుట్టుపట్ల చిన్న హోటళ్ళు

(భోకర్‌లో జరిగిన మన సంఘ సమావేశమున చదివిన ఉపన్యాస పాఠము)



గత సమావేశమున రెండు ప్రస్తావములు సభ ముందునకు వచ్చినవి. నాందేడ్‌లో చదువుకొనుచున్న మన పిల్లల కొరకు సంఘము పక్షమున ఒక తెలుగు భోజనశాల తెరువవలెనని మొదటిది. ఏటేట జరుగు మన కుటుంబ సమ్మేళనమునకు వంటపనిని పట్టణమునందలి పెద్ద క్యాటరింగువారికి అప్పగింపవలెనని రెండవది. రెంటిమీదను మాట పెరిగినది. ప్రొద్దు గూకినది. తుదకు సభవారు మమ్ములను నలుగురిని నియమించి, "మీరు పోయి ఈ చుట్టుపట్ల చిన్న హోటళ్ళలో తిని చూచి రండు, మన జనము ఏమి తినుచున్నారో, ఎక్కడ తినుచున్నారో తెలిసిన పిదప ఆలోచింతము" అని సెలవిచ్చిరి. తినుటకు కమిటీ వేసిన సంఘము మనదేనని నవ్వినవారు నవ్విరి. మేము మాత్రము పని శ్రద్ధగానే చేసితిమి.

కొన్ని నియమములు పెట్టుకొంటిమి. ఎక్కడను సంఘము పేరు చెప్పరాదు. ఎవరి పైకము వారే ఇయ్యవలెను. చల్లగాలి యంత్రమున్న చోటికి, మెనూ పుస్తకము చేతికిచ్చు చోటికి పోరాదు. బల్లలు నాలుగైదు మించని చోట, పక్కవాడు తినునదే అడిగి తినవలెను. మా నలుగురిలో ఇద్దరు శాకాహారులు, ఒకరికి చక్కెర వ్యాధి, మరియొకరు ఏది పెట్టినను వద్దననివారు. ఇంతకంటె నిష్పక్షపాతమైన కమిటీ దొరకుట కష్టము.

ముందుగా ఒక మాట. అన్నము అమ్ముకొనుట మన పెద్దలకు నచ్చని పని. అన్నవిక్రయము పాపమనెడి తలంపు మా తాతల కాలము వరకు ఇండ్లలో వినబడుచునే యుండెను. అయినను తెలుగు దేశమున పూటకూళ్ళ ఇండ్లు నేటివి కావు. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామములో, ఓరుగల్లు వీథులలో తిరుగు ఇద్దరు మిత్రులలో ఒకడు టిట్టిభసెట్టి, అనగా మన వర్తకుడే. ఆ పట్టణమున లక్ష్మణ వజ్ఝల యింట ఒక్క రూకకు మంచి భోజనము దొరకునని ఆ గ్రంథమున నున్నది. కన్యాశుల్కములోని పూటకూళ్ళమ్మను ఎరుగని తెలుగువారు లేరు. కావున చిన్న హోటలును చిన్నచూపు చూచుట మన సంప్రదాయమని ఎవరైన అన్నచో, అది సగము సత్యమే.

ఇక భోకర్ మాట. ప్రొద్దున ఆరు గంటలకు బస్సు స్టాండు వైపు పోయి చూడుడు. పెద్ద ఇనుప బాండిలో పోహె కుప్పగా నుండును. దాని నడుమ గుంట చేసి, అడుగున సన్నని సెగ ఉంచుదురు. అటుకులను నానబెట్టుట అక్కడివారు ఎరుగరు. జల్లెడలో పోసి, నీళ్ళు చిలికి, చేతితో ఒకమారు కదిపి, అట్లే వదలుదురు. పోపులో ఆవాలు, పచ్చిమిరప, ఉల్లి, పల్లీలు, పసుపు, దింపునప్పుడు కొత్తిమీర, పైన పిడికెడు సన్న శేవు, నిమ్మబద్ద. మన ఇండ్లలో అటుకుల ఉప్మా ముద్దయగుటకు కారణము నీళ్ళలో నానబెట్టుటయే అని మేము ఇంటికి వచ్చి చెప్పితిమి. ఇంటివారు ఏమనిరో ఇక్కడ చెప్పుట అనవసరము.

అదే బండి మీద కొన్ని దినములలో సుశీలా దొరకును. పేరు విని ఎవరో ఆడుబిడ్డ అనుకొనుదురు గాని అది మరమరాల వంటకము. మరమరాలను తడిపి, పిండి, పోపులో వేసి కలుపుదురు. మరాఠ్వాడాలో ఇది ఇంటింట నున్నదే. రాయలసీమలో ఉగ్గాణి అని, బళ్ళారి వైపు ఒగ్గరణె అని పిలిచెడిది ఇదియే. మాలో ఒకరి కోడలు కర్నూలు పిల్ల. ఆమె పెండ్లియై వచ్చిన క్రొత్తలో ఇక్కడ సుశీలా తిని, "ఇది మా ఊరి ఉగ్గాణియే గదా మామయ్యా, మిరపకాయ బజ్జీ ఒక్కటే తక్కువ" అనెనట. అప్పటినుండి ఆ ఇంటిలో సుశీలాకు తోడు బజ్జీ వేయుచున్నారు. అటువంటి వార్తలు ఏ పత్రికయు ప్రచురింపదు.

పోహె ఇరువది రూపాయలు. మేము వర్తకులము గనుక నిలుచున్నంతసేపు లెక్క వేయక ఉండలేకపోతిమి. అటుకులు, నూనె, పల్లీలు, ఉల్లి, గ్యాసు, పళ్ళెము కడుగు కుర్రవాని కూలి, జాగా అద్దె. ఉల్లిధర పెరిగిన నెలలో పోహె మీద మిగులునది దాదాపు ఏమియు లేదు. అయినను ధర పెంచడు. పెంచినచో పక్క బండికి పోదురు. అతని బ్రతుకు చాయ మీదనే. పోహె తిన్నవాడు చాయ త్రాగక కదలడు, ఆ చాయలో నాలుగు రాళ్ళు మిగులును. మన బట్టల దుకాణములో చవకగా రుమాలు ఇచ్చి చీర అమ్మునట్లే ఇదియు.

అతని నోటిని గూర్చి చెప్పవలెను. మాతో తెలుగు, పక్కనున్న గుమాస్తాతో మరాఠీ, రిక్షావానితో ఉర్దూ, తాండా నుండి వచ్చిన ముసలమ్మతో లంబాడీ. ఒక్కొక్కరితో మాట మార్చునప్పుడు గరిట ఆగుట లేదు. ఏ బడిలో నేర్చితివని అడిగితిమి. "బడిల కాదు సేటూ, ఉద్దెర ఒసూల్ చేసుకోనీకి నేర్సిన" అనెను. భాషాభివృద్ధికి ఇంతకంటె గట్టి కారణము మేము వినలేదు.

నాందేడ్ పోవు రహదారి మీద, ఇప్పుడు 61వ సంఖ్య ఇచ్చిన జాతీయ రహదారి, కళ్యాణ్ వైపు నుండి పర్భణి, నాందేడ్, భోకర్, భైంసా మీదుగా నిర్మల్ చేరును. దీని వెంట ఢాబాలు అనేకములు. వానిని గూర్చి చెప్పుట కాలవ్యయము. ఎక్కడ పోయినను ఒకే ఎర్రని గ్రేవీ. అందులో పనీరు వేసిన ఒక పేరు, బఠాణీ వేసిన మరియొక పేరు. మూడు చోట్ల తిని, నాలుగవ దానిని విడిచిపెట్టితిమి.

కాని ఆ రహదారికి కొంచెము లోపలగా, రేకుల కప్పుక్రింద ఒక ఖానావళి యున్నది. పేరు పలక లేదు. గుర్తు చెప్పుమన్నచో వేపచెట్టు, దాని క్రింద లారీలు. నడుపునది ఒక్క స్త్రీ. ఏబది దాటిన వయస్సు. అక్కడ మేము ఒకమారు పోవలసినవారము నాలుగు మార్లు పోయితిమి. నియమభంగమని అధ్యక్షులవారు భావించినచో క్షమింపవలెను.

ఆమె వడ్డించునవి జొన్నరొట్టె, పిఠలే, పచ్చిమిరప ఠేచా, ఒక ఆకుకూర, చివర కొంచెము అన్నము, పలుచని మజ్జిగ. పిఠలే అనునది మన ఇండ్లలో పిట్ల అనుకొనునదే. శనగపిండిని నీటిలో కలిపి పోపులో ఉడికించిన కూర. ఠేచా మన పచ్చిమిర్చి తొక్కు. రోట దంచినదే గాని మిక్సీలో వేసినది కాదు, నాలుకకు తెలియును. ఆకుకూర అంబాడి. అంబాడి యనగా మన పుంటికూర. కోస్తావారు గోంగూర అందురు. మరాఠీవారు అందులో కొంచెము జొన్ననూకయో బియ్యమో, శనగపప్పో వేసి, ఎనిపి, పైన వెల్లుల్లి నూనె పోయుదురు. మనవారు పచ్చడి నూరుదురు. ఆమె రెండును చేయును, ఎవరు ఏ వైపువారో ముఖము చూచి పెట్టును.

రొట్టె కొట్టుటను గూర్చి కొంత చెప్పక తప్పదు. జొన్నపిండికి గోధుమపిండిలోని జిగట లేదు. చల్లని నీటితో కలిపినచో ముద్ద విరుగును. బాగుగా మరిగిన నీరు పోసినచో పిండిలోని కొంత భాగము ఉడికి అంటు పుట్టును, ఆ అంటు మీదనే రొట్టె నిలుచును. కలిపిన పిండి నిలువ ఉండదు. ఏ రొట్టెకు ఆ రొట్టె అప్పటికప్పుడు మెదపవలెను. అరచేతితో త్రిప్పుచు తట్టుచు పలుచగా చేసి, పెనము మీద వేసి, పై ముఖమునకు నీళ్ళు రాయుదురు. నీరు ఆరగానే త్రిప్పి, పిదప నిప్పుల మీద నిలిపినచో పూరీ వలె పొంగును. పూట పూటకు వంద రొట్టెలు కొట్టు చేయి ఎట్లుండునో ఆమె చేతిని చూచిన తెలియును. ఈ పనికి యంత్రములు వచ్చినవి. యంత్రము వత్తిన రొట్టెను పట్టణమున తింటిమి. గుండ్రముగానే యున్నది.

2023వ సంవత్సరమును ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించినది. అది మన దేశము కోరగా జరిగినదే. నాటినుండి పెద్ద హోటళ్ళలో జొన్నరొట్టె పళ్ళెము మీద అలంకారమై కూర్చున్నది. ఈమె ఖానావళిలో నలుబది రూపాయలకు కడుపు నిండును, అలంకారము లేదు.

మొదటి దినమున మేము మా లోపల తెలుగులో మాటలాడుకొనుచుండగా ఆమె పొయ్యి దగ్గర నుండియే తల ఎత్తి, "ఇంకో రొట్టె ఏసుకోండ్రి అన్నా, సగం కడుపుతోని లేస్తరా?" అనెను. తల్లిగారిల్లు భైంసా వైపట. ఇక్కడ కాపురమునకు వచ్చి ముప్పది యేండ్లు దాటినవి. కొడుకుతో మరాఠీయే మాటలాడును. తెలుగు ఎవరితో మాటలాడెదవమ్మా అని అడిగితిమి. "లారీలోళ్ళతోని" అనెను.

మూడవమారు పోయినప్పుడు ఖానావళి మూయుదునని చెప్పెను. కారణము అప్పు కాదు, గిరాకి లేమియు కాదు. మేము వర్తక బుద్ధితో మొదట అదే అనుకొని, 2015లో మొదలైన ముద్రా ఋణములలో శిశు తరగతి క్రింద 50,000 రూపాయల వరకు బ్యాంకు ఇచ్చునని, ఫారము మేమే నింపెదమని చెప్పితిమి. ముంబాయిలో మిల్లు కార్మికులకు అన్నము వండిపెట్టెడి ఖానావళి స్త్రీలను 1975లో ప్రేమా పురవ్ గారు అన్నపూర్ణ మహిళా మండలముగా కూర్చి బ్యాంకు ఋణములు ఇప్పించిన వృత్తాంతమును గూడ చెప్పితిమి. ఆమె అంతయు వినెను. "పైసలు ఎవ్వలైన ఇస్తరన్నా. చేతులు ఎవ్వలిస్తరు? మా పోరడు పూణెకు పోయిండు. కోడలుకు రొట్టె కొట్టరాదు, నేర్సుకుంటననదు. నా భుజం లేస్తలేదు" అనెను. దీనికి మా దగ్గర ఫారము లేదు.

ఇట్టివి ఈ త్రోవలో మరి రెండు మూసివేసినట్లు చూచితిమి. పొయ్యిగడ్డలు మిగిలియున్నవి.

నాందేడ్ వృత్తాంతమునకు వచ్చెదము. మన పిల్లలు అక్కడ ఎక్కువగా డాక్టరు పరీక్షల కోచింగు కొరకు ఉన్నారు. మెస్సులు వీథికి పది. భోజనము చెడ్డదని చెప్పజాలము. రెండు చపాతీలు, పప్పు, ఒక కూర, అన్నము. అదే సోమవారము, అదే శనివారము. పిల్లలను అడిగితిమి. ఒక అమ్మాయి, "ఆకలి తీరుతుంది బాబాయ్, కానీ తిన్నట్టుండదు" అనెను. పులుపు లేదు, అదియే లోపము. ఇక్కడి వంటలో చింతపండు కొసరు. పల్లీపొడి, కొబ్బరి, కాళా మసాలా ముఖ్యము. మనకు పులుసు లేనిది ముద్ద దిగదు. ఆ అమ్మాయి గదిలో నాలుగు సీసాలు చూచితిమి: మామిడి ఆవకాయ, కందిపొడి, చింతకాయ తొక్కు, నువ్వులపొడి. నాలుగు సీసాలను ఆమెయు, ఆమె మరాఠీ స్నేహితురాలును పంచుకొని తినుచున్నారు. చింతకాయ తొక్కు ముందుగా అయిపోవునది ఆ స్నేహితురాలి చేతనే యట.

ఇడ్లీ బండ్లు నాందేడ్‌లో మూలమూలకు ఉన్నవి. ఇడ్లీలు తెల్లగా, మెత్తగా ఉన్నవి. సాంబారు అని పోసినది మన పప్పుచారునకు దూరపు చుట్టము. తప్పు పట్టుట లేదు. వంటకము ఊరు మారినచో వేషము మార్చుట క్రొత్త కాదు. బెంగుళూరులో 1924లో స్థాపితమైన మావళ్ళి టిఫిన్ రూమ్స్‌వారు రెండవ ప్రపంచ యుద్ధ కాలమున బియ్యము కొరత వచ్చినప్పుడు గోధుమరవ్వతో ఇడ్లీ పోసితిమని చెప్పుకొందురు. నేడు ఆ రవ్వ ఇడ్లీ ఎంతోమందికి ఇష్టము. కరవులో పుట్టినదని ఎవరు తలంతురు?

దేగ్లూర్ నాకా వైపు బిర్యానీ, కబాబు దుకాణములకు మాలో ఇద్దరే పోయిరి. మిగిలిన ఇద్దరము ఎదుటి బల్ల మీద చాయ త్రాగుచు వారిని కనిపెట్టితిమి. బాగుగనే యుండెనని వారు తిరిగివచ్చిన తీరును బట్టి గ్రహించితిమి.

నాందేడ్‌లో తిన్న భోజనములను గూర్చి చెప్పుచు గురుద్వారమును చెప్పకపోవుట ధర్మము కాదు, అది హోటలు కాకపోయినను. గురు గోవింద్ సింగ్ గారు 1708లో దేహము చాలించిన చోట, 1832 మొదలు 1837 వరకు మహారాజా రంజీత్ సింగ్ కట్టించిన హజూర్ సాహిబ్‌లో లంగరు నడుచుచున్నది. పప్పు, రొట్టె, పంక్తిలో ఎవరు ఎవరి పక్కన కూర్చుండవలెనను ప్రశ్న లేదు. మేము తిని, పళ్ళెములు కడుగు చోట కొంతసేపు నిలిచితిమి. మా పక్కన కడుగుచున్నవారు కామారెడ్డి నుండి వచ్చినవారు. మన సమ్మేళనమున పంక్తి ఎత్తు పని మాత్రము కూలివారికి వదలుచున్నామని అప్పుడు తోచినది. అది వేరు చర్చ.

సరిహద్దు వైపు పోయినప్పటి మాట కొంత చెప్పెదము. ముద్ఖేడ్, ఉమ్రీ, ధర్మాబాద్, బాసర. రైలులో కూర్చుండి ఒక్కొక్క స్టేషనులో దిగి తింటిమి. ధర్మాబాద్ ఎర్ర మిరపకు పేరు పొందిన మార్కెట్టు. అక్కడి భజీలు తిన్న పిదప ఆ పేరు ఊరక రాలేదని తెలిసినది. ధర్మాబాద్ దాటి బాసరలో దిగినచో టిఫిను పలకలు తెలుగులోనికి మారును. దోసెతో పల్లీ చట్నీ వచ్చును. పూరీతో ఆలుగడ్డ కూర. రెండు స్టేషనుల నడుమ ఇంత మార్పు రాదు. నిజము చెప్పవలెనన్న మారినది అక్షరములే. బాసర హోటలులో మిరపకాయ భజీ ధర్మాబాద్‌దే. ధర్మాబాద్ ఖానావళిలో పచ్చిపులుసు బాసరదే. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రమును మూడు ముక్కలు చేసి, తెలంగాణమును ఆంధ్రతోను, మరాఠ్వాడాను బొంబాయితోను, కన్నడ జిల్లాలను మైసూరుతోను కలిపిరి. 1960 మే 1న మనము మహారాష్ట్రలో ఉంటిమి. అటువైపువారు 2014లో తెలంగాణ రాష్ట్రమైరి, 2016లో నిర్మల్ జిల్లావారైరి. ఇన్నిమార్లు పటము మారినను మన పోలెలు, వారి పురణ్ పోళి ఒకే పెనము మీద కాలుచున్నవి. మన ఇంటిపేర్ల చివరి 'వారు' కూడ 'వార్' అయి కూర్చున్నదే గాని ఇల్లు విడిచి పోలేదు.

ఇక చెడుగు చెప్పవలెను, లేనిచో ఇది పొగడ్తల దండకమగును. మేము పోయిన చోట్లలో సగమునకు మించి భజీలను పాత వార్తాపత్రికలో చుట్టి ఇచ్చిరి. ఆ సిరా నూనెకు కరుగును. 2018 నాటి ప్యాకింగు నియమములు దీనిని నిషేధించినవి. అదే సంవత్సరము జులై నుండి, కాగి కాగి పాడైన నూనెకు గూడ హద్దు పెట్టిరి. అందలి పోలార్ పదార్థములు 25 శాతము మించరాదు. ఆ కొలత బండివానికి తెలియదు. కాని నూనె నల్లబడి నురుగు కట్టి పొగ త్వరగా వచ్చినచో మనకు తెలియును, అతనికిని తెలియును. మంచిగా చెప్పినచో కొందరు వినిరి. ఒకడు మాత్రము, "పేపరు లేకుంటె ఆకు మీరే తెచ్చియ్యండ్రి" అనెను. న్యాయమే. మోదుగాకు విస్తరి కుట్టువారు మన తాలూకాలో ఇంకను ఉన్నారు. మాలో ఒకరు రెండు కట్టలు తెచ్చి అతనికి ఇచ్చిరి. ప్రస్తుతము వాడుచున్నాడు, కట్ట అయిపోయిన పిదప చూడవలెను. సాయంకాలపు చైనీసు బండ్ల ఎర్ర మంచూరియాను మాత్రము పిల్లలకు పెట్టవద్దు. కర్ణాటక ప్రభుత్వము 2024 మార్చిలో దానిలో కృత్రిమ రంగులను నిషేధించినది. రంగు లేకుండ చేయుమని అడిగినచో ఇక్కడను చేయుదురు. అడుగువారు లేరు.

సభవారు అడిగిన రెండు విషయములకు మా అభిప్రాయము విన్నవించెదము.

తెలుగు భోజనశాల విషయమున మాలో ముగ్గురము వద్దంటిమి. అద్దె పన్నెండు నెలలు, పిల్లలు ఉండునది తొమ్మిది నెలలు. వంటవాడు నిలువడు. నిలిచినవాడు లెక్క చెప్పడు. దుకాణము నడపువారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. అంతకంటె, ఇప్పుడు నడుచుచున్న మెస్సులలో శుభ్రమైన రెంటిని ఎన్నుకొని, మన పిల్లల నెల పైకము ముందుగా కట్టి, వారమున రెండు పూటలు పుంటికూరయో, పచ్చిపులుసో, చారో వండునట్లు ఒప్పించుట మేలు. ఒక మెస్సువారితో మాటలాడితిమి. ఒకమారు నేర్పినచో చేసెదమనిరి. నేర్పుటకు మన అక్కచెల్లెండ్రు ఇద్దరు సిద్ధముగా నున్నారు. ఆవకాయ, పొడులు ఇండ్లనుండి సంఘమునకు చేర్చినచో నెలకొకమారు పంపవచ్చును.

నాలుగవవారు దీనికి ఒప్పుకొనలేదు. వారి మాటను దాచిపెట్టుట తగదు. వారనునది ఇది. ఇంటిలో మనము పిల్లలతో సగము తెలుగు, సగము మరాఠీ మాటలాడుచున్నాము. బడిలో తెలుగు లేదు. ప్రాథమిక తరగతులలో మాతృభాషా బోధనను గూర్చి రాజ్యాంగమున 350ఎ అధికరణము 1956నుండి ఉన్నను, అది మన తాలూకా బడి గడప తొక్కలేదు. పిల్ల పదునెనిమిదేండ్లకు పట్టణము పోయి, అక్కడ అన్నము పెట్టువారు "ఇంకొంచెం వేసుకో బిడ్డా" అని తెలుగులో అనకపోయినచో, ఆ మాట మరి ఎక్కడ వినును? నష్టము వచ్చిన రానిండు, ఏటికి ఇంత అని సంఘము భరించవలెను. ఆ రేకుల క్రింది ఆమె తెలుగును లారీలవారితో మాత్రమే మాటలాడుచున్నదని మీరే చెప్పితిరి గదా, మన మనుమరాండ్రు ఆమె కంటె మేలు ఏమి? ఇది వారి ప్రశ్న. ముగ్గురము చాలసేపు వాదించితిమి. లెక్కలలో మేము గెలిచితిమి. ఈ ప్రశ్నకు మాత్రము మా దగ్గర ఉత్తరము లేదు. కావున సభవారు చేతులెత్తి తీర్పు చేయవలెను. మేము నలుగురము చేతులెత్తము.

సమ్మేళనపు వంట విషయమున మాకు భేదము లేదు. పెద్ద క్యాటరింగు వద్దు. ప్రొద్దుటి పలహారమునకు భోకర్ పోహె బండివాడు మూడు వందల మందికి పెట్టగలనని చెప్పినాడు; ధర రాసి ఇచ్చినాడు, అది కార్యదర్శి దగ్గర నున్నది. మధ్యాహ్నపు భోజనమునకు జొన్నరొట్టె, పిట్ల, పుంటికూర, పోలెలు. రొట్టెలకు ఆ ఖానావళి ఆమెను అడిగితిమి. ఒక్కతె చేయలేనని, ఆరుగురు ఆడవాండ్రు ముందుగా తన దగ్గరకు వచ్చి చేయి కుదుర్చుకొన్నచో వచ్చెదనని చెప్పెను. నేర్పుటకు కూలి తీసికొననన్నది. తీసికొనవలసినదేనని మేము పట్టు పట్టితిమి, రోజుకు ఇంత అని తేలినది. మన కోడండ్రలో, కూతుండ్రలో రాదలచినవారు పేర్లు ఇయ్యవలెను. మగవారు నేర్చుకొనరాదని ఆమె అనలేదు. మాలో చక్కెర వ్యాధి గలవారు అప్పుడే పేరిచ్చినారు.

నేర్చుకొనుటకు పోవువారికి ఒక సూచన. ఖానావళి మంగళవారము తెరువరు. పదునొకండు గంటల పిదప లారీలు వచ్చును, ఆమెకు మాటలాడ తీరదు. తొమ్మిదికి పోవలెను. పిండి ఆమె దగ్గర ఉండును, నీళ్ళ బిందె మాత్రము దూరమునుండి తేవలసియున్నది, ఇద్దరు కలిసి పోవుట మంచిది.